అక్క దగ్గిన చలికాలం

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదువుతున్న రోజుల్లో నా గదిలో ఇంకొకామె ఉండేది. కరీంనగర్ మనిషి, నాకంటే పెద్దది, తనూ సివిల్స్‌కే చదివేది. అక్కా అని పిలిచేదాన్ని. మాది తెనాలి వైపు. గదికున్న ఒక్క కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్క మేడ గోడ. చలికాలమంతా మూసే ఉంచేవాళ్లం.

అప్పుడు నేను చరిత్రలో అంటువ్యాధుల గురించి చదువుతున్నాను. పైకి చదివితే గాని నాకు బుర్రకెక్కదు. ఐరోపాలో ప్లేగుకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయి మిగిలిన కూలీలకు గిరాకీ పెరగడం, సముద్రం దాటొచ్చిన మశూచి కత్తికంటే ముందే రాజ్యాల్ని కూల్చడం, అన్నీ అటూ ఇటూ తిరుగుతూ చదివేదాన్ని. అక్క దుప్పటి కప్పుకుని దగ్గుతూ వినేది. పొల్యూషన్ అనుకున్నాం. ఆ రోజుల్లో ఢిల్లీలో దగ్గనివాళ్లెవరు?

దీపావళి తర్వాత మొదలైన దగ్గు కొత్త సంవత్సరం వచ్చినా తగ్గలేదు. ఆమె చుడీదార్లు వదులయ్యాయి. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్తే కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. నాకూ ఎక్స్‌రే తీసి, ఏమీ లేదన్నారు. అయినా గదిలో నాకు కాలు నిలవలేదు. కడిగిన గ్లాసే మళ్లీ కడిగేదాన్ని. ఆమె దగ్గితే తెలియకుండానే ఊపిరి బిగపట్టేదాన్ని. కోట్లమంది చావుల గురించి తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని, ఒక మనిషి పక్కన కూర్చోలేకపోయాను.

అక్క గమనించింది. "నువ్వు వేరే రూమ్ చూస్కో చెల్లె. నేనేం అనుకోను."

"మరి నువ్వో?"

"నేనేడికి పోతా? ఇంటికి పోతే ఊరంతా తెలుస్తది."

పీజీ నడిపే ఆంటీ మందుల పొట్లాలు చూసి, నన్ను మెట్ల మీద ఆపింది. "ఖాళీ చెయ్యమను బేటా. మిగతా పిల్లల సంగతి చూసుకోవాలి కదా."

మందులు వాడితే కొన్ని వారాల్లో అంటుకునే భయం బాగా తగ్గుతుందన్న డాక్టర్ మాట చెప్పాను.

"అందాకా?"

"డాబా మీద గది ఖాళీగానే ఉంది కదా ఆంటీ."

ఆమె రెయిలింగు పట్టుకుని పైమెట్ల వైపు చూసింది. "మా దీదీని కూడా డాబా మీదే పెట్టారు," అంది. "నేను చిన్నదాన్ని. రొట్టెల పళ్లెం పైమెట్టు మీద పెట్టి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఒకరోజు వెళ్తే ముందురోజు పళ్లెం అలాగే ఉంది."

మర్నాడు తనే తాళం తీసి ఆ గది కడిగించింది.

పైన ఎండా గాలీ ఉన్నాయి. సాయంత్రాలు మాస్కు పెట్టుకుని వెళ్లేదాన్ని. కుర్చీలో కుదురుగా ఉండలేక నీళ్ల ట్యాంకుల మధ్య తిరుగుతూ పాఠం అప్పజెప్పేదాన్ని. ఒకసారి అక్క ఆపింది.

"అందరెట్ల సచ్చిన్రో చెప్తున్నవ్. బతికినోళ్లు ఏం జేసిన్రో చెప్పు జర."

వెతికాను. కూలి రేట్లు పెరిగాయి, రేవుల్లో ఓడల్ని ఆపారు, ఊళ్లకు మురుగుకాల్వలొచ్చాయి. రోగి పక్కన ఎవరు కూర్చున్నారో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆంటీ రోజూ ఉడికించిన గుడ్లు తెచ్చేది. మొదట్లో పైమెట్టు మీద పెట్టి దిగిపోయేది. ఎండలు ముదిరేసరికి గుమ్మం దాకా వచ్చి, "ఖా లియా? తిన్నావా?" అని నిలబడి అడిగేది.

మందుల కోర్సు పూర్తయ్యేసరికి అక్క నిండుగా తయారైంది. ప్రిలిమ్స్ మాత్రం ఇద్దరికీ పోయింది. ఇప్పుడామె నోయిడాలో ఉద్యోగం చేస్తోంది. నేను మయూర్ విహార్‌లో ఉంటూ చరిత్ర పాఠాలు చెబుతున్నాను. మొన్న మెట్రోలో పక్కనున్న అమ్మాయి ఆగకుండా దగ్గుతుంటే లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. ఆమె నన్నే చూస్తోంది. నా స్టేషన్‌కి ఇంకా చాలా దూరం ఉంది.