మేళం లేని పెళ్ళి

మా నాన్నకు చెవుడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య బతికినవాడికి చెవులు మిగలడమే వింత. చెవి మిషను కొనిపెడితే తీసి జేబులో వేసుకునేవాడు. మొండిఘటం.

అలాంటి మనిషి చిన్నకూతురు, నా చెల్లెలు, క్వేకర్ల అబ్బాయిని చేసుకుంటానంది. క్వేకర్లంటే క్రైస్తవుల్లోనే ఒక శాఖ గానీ, పెళ్ళికి పాస్టరుండడు, పాటలుండవు, తాళీ ఉండదు. నాన్న దానితో మాటలు మానేశాడు. ఆయన చేత్తో నాలుగు అక్షింతలు పడితే చాలు, ఇంకేమీ అడగనని అది నాతో కబురు పెట్టింది. పెళ్ళి పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా వెంట బయల్దేరాడు.

గుణదలలో అద్దె హాలు. కుర్చీలు గుండ్రంగా వేశారు. అందరూ తల వంచుకుని మౌనంగా కూర్చున్నారు. అదే వాళ్ళ ప్రార్థన. ఫ్యాను చప్పుడు వింటూ కూర్చోవడం నా వల్ల కాలేదు, భయమేసింది. నాకు ఎదురుగా నాన్న కుడి గుప్పిట బిగించి నేల చూస్తున్నాడు. కాసేపటికి వధూవరులు లేచి, చేతులు పట్టుకుని, బతికినన్నాళ్ళూ ప్రేమగా, నమ్మకంగా ఉంటామని దేవుడి ముందు, మా అందరి ముందు మెల్లగా చెప్పి కూర్చున్నారు. పెళ్ళంటే అంతే. చేయించే మనిషంటూ లేడు.

మళ్ళీ మౌనం. ఆ తర్వాత అక్కడున్నవాళ్ళంతా, పిల్లలతో సహా, పెళ్ళి పత్రం మీద సాక్షులుగా సంతకం చేయాలి. చెల్లెలే వచ్చి నాన్నకు పెన్ను అందించింది. ఆయన తల అడ్డంగా ఊపి దాని చెయ్యి పక్కకు నెట్టాడు. దాని మొహం పాలిపోయింది. పెన్ను పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆటోలో ఆయన చెవి దగ్గర నోరు పెట్టి తిట్టాను. కన్నకూతురి పెళ్ళికి సంతకం పెడితే చెయ్యి అరిగిపోతుందా అని అరిచాను. ఆయన తెల్లబోయి చూశాడు.

“పెళ్ళయిపోయిందా? మేళం మోగలేదుగా. ముందే సంతకమెట్లా పెడతాను?”

గుప్పిట విప్పాడు. ఇంటి దగ్గర కలిపి తెచ్చుకున్న అక్షింతలు చెమటకు ముద్దయి అరచేతికంతా పసుపు అంటింది. డోలు దెబ్బ ఒక్కటే ఆయన గుండెకు తెలిసేది. దాని కోసమే కాచుకుని కూర్చున్నాడు.

ఆటో వెనక్కి తిప్పించాను. వెళ్ళేసరికి హాలు ఊడుస్తున్నారు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ రైలుకు వెళ్ళిపోయారు.

నాన్న ఫోన్లో మాట్లాడలేడు. నేనే చెల్లెలికి చెప్పాను, ఎన్నిసార్లో చెప్పాను. అది వినేది, ఊఁ అనేది. ఆ వర్షాకాలంలోనే ఆయన పోయాడు. శవం పక్కన కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. చెల్లెలు నా చెయ్యి నిమిరింది.

“నా బాధ చూడలేక చెబుతున్నావులే అక్కా.”