ఆ బీప్‌లు ఎవరియి?

మాది కనకమామిడి. నిరుడు బాపును చేవెళ్లల ఒక దవాఖానల చేర్పించినం. వేలికి క్లిప్పు పెడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా మిషిన్ బీప్ మంటది. "జల్ది జల్ది మోగితే పిలువు" అన్నది సిస్టర్. ఇగ నాకు కాలు నిలువలే. బాపు దగ్గర నన్ను కన్న అవ్వను కూసోబెట్టి, చెవులు మిషిన్ మీదనే పెట్టి వరండాల తిరుగుతున్న.

మధ్యాహ్నం బీప్‌లు ఒక్కసారే ఉరుకవట్టినయి. "సిస్టరమ్మా!" అని ఒర్లుకుంట లోపలికి ఉరికిన.

బాపు నిమ్మళంగ గురక పెడుతున్నడు. క్లిప్పు అవ్వ వేలికున్నది!

"ఆయనకు ఒత్తుకుంటున్నదంటే నేను పెట్టుకున్న. మిషిన్ బంద్ కావద్దు గద" అన్నది.

వార్డుల అందరు నవ్విన్రు. సిస్టర్ కోపంగ క్లిప్పు తీసి బాపుకు పెట్టంగనే బీప్‌లు నిదానమైనయి.

నాకు నవ్వు రాలే. పొద్దటిసంది "నాకేం ఫికర్ లేదు బిడ్డా" అంటున్న అవ్వ గుండె ఎంత ఉరుకుతున్నదో, మిషిన్ చెప్తేగాని నాకు తెల్వలే.