కొత్త కెమెరాకి పాత మేకప్

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇలా రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పు పడితే కోప్పడకండి. మొన్న జరిగింది మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా మైపాడులో పెళ్లికూతుళ్లను ఇరవై ఏళ్లుగా నేనే తయారు చేస్తున్నాను. నేను మొదలుపెట్టిన రోజుల్లో వీడియో క్యాసెట్ల మీద ఉండేది. పెద్ద లైటు ముఖం మీద పట్టుకుని తీసేవాళ్లు. ఆ వెలుగుకి ముఖం వెలిసిపోయేది, టీవీలో బొమ్మ మసకగా వచ్చేది. అందుకే పాన్‌కేక్ అనే ముఖం రంగు మందంగా రుద్ది, మీద పౌడరు కొట్టి, కాటుక లావుగా దిద్దేదాన్ని. అప్పుడే కళ్లూ ముక్కూ కనిపించేవి. మెడ ఏ రంగులో ఉందో ఎవరికీ తెలిసేది కాదు. అదే చేతికి అలవాటైపోయింది.

మొన్న మా ఊరి చర్చిలో మా చెల్లెలి కూతురి పెళ్లి. పిల్ల రోజూ ఎండలో చేపలు ఆరబెడుతుంది, నల్లబడింది. పెళ్లికొడుకు వాళ్లది సూళ్లూరుపేట. టౌను నుంచి బ్యూటీషియన్‌ని పంపుతామన్నారు. మా పిల్ల ఒప్పుకోలేదు, పెద్దమ్మే చెయ్యాలంది. నేను చెడగొడితే అత్తగారింట్లో మాట పడేది ఆ పిల్లే.

వీడియో ఆయన కొత్త కెమెరా తెచ్చాడు. చర్చి లోపల పట్టని జనం కోసం వరండాలో పెద్ద టీవీ పెట్టాడు. పక్క గదిలో నేను పిల్లను తయారు చేశాక, టీవీలో ఎలా పడుతుందో ఒకసారి చూద్దామని తీశాడు. నేను గుమ్మంలోంచి టీవీ వైపు చూశాను. ముక్కు పక్కన పౌడరు పగుళ్లు. పెదవి మీద నూగుకి పౌడరు పట్టుకుని ఉంది. దవడ దగ్గర గీత గీసినట్టు తెలుపు ఆగిపోయి, కింద నల్లటి మెడ.

"అక్కా, ఇది పాత కెమెరా కాదు. చెంప మీద దోమ వాలితే దాని కాళ్లు లెక్కపెట్టొచ్చు" అన్నాడు.

ఇంకాస్త పౌడరు కొడితే కలిసిపోతుందని చెల్లెలు అంది. నేనూ అదే అనుకుని కొట్టాను. సున్నం పెచ్చులూడే గోడలా తయారైంది. వరండాలో ఆడవాళ్లు నవ్వారు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కడిగేసేయ్ పెద్దమ్మా. ఆళ్లు వచ్చేలోపల కడిగేసేయ్" అంది.

సబ్బుతో కడిగాను. కెమెరా ఆపొద్దని వీడియో ఆయనకి చెప్పి, అద్దం పక్కన పెట్టేసి టీవీ చూస్తూ మొదలుపెట్టాను. అరచేతి వెనక రెండు రంగులు కలిపి పిల్ల మెడ రంగుకి తెచ్చాను. తడి స్పాంజితో పల్చగా అద్దాను. చెవులకీ, మెడకీ, చేతులకీ అదే. వరండాలో జనం టీవీ ముందు చేరి నన్ను నడిపించడం మొదలుపెట్టారు. ఎడమ చెంప తక్కువైందని ఒకరు, చెవి వెనక వదిలేశానని ఒకరు.

"గడ్డం కింద చూడుమే, గడ్డం కింద" అని ఒక ముసలమ్మ కర్రతో టీవీని పొడిచింది.

నాకు భయం పోయి హుషారొచ్చింది. ఇన్నేళ్లలో నా పనిని ఇంత దగ్గరగా నేనే చూడలేదు. పిల్ల ముఖం దాని రంగులోనే మెరుస్తోంది, తెల్ల చీరలో ఇంకా బాగుంది. రెండో కనుబొమ్మ దిద్దుతుండగా పెళ్లికొడుకు వాళ్ల బస్సు హారన్ వినిపించింది.

పెళ్లికొడుకు తల్లి నేరుగా గదిలోకి వచ్చింది. పిల్లను చూసింది, టీవీని చూసింది.

"ఏంది వదినా, టైమైపోతాంది, ఇంకా మేకప్ మొదలుపెట్టలేదా?"

"అయిపోయింది వదినా" అన్నాను.

ఆమె వంగి, పిల్ల చెంప మీద వేలు పెట్టి, ఆ వేలు చూసుకుంది. వేలికి రంగేమీ అంటుకోలేదు. చీర సర్దుకుని నా ముందు కూర్చుంది.

"అయితే నాకూ కాస్త పుయ్యి. నేనూ ఆ టీవీలో పడతా గదా."

పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు వీడియోలో ఉంది.

ఇదే నేను చెప్పాలనుకున్నది. రాతలో తప్పులు చాలా ఉంటాయి. చదువు రాని మనిషి రాసిందని పెద్ద మనసుతో మన్నించండి.