పుర్వోతో గారి రెండు కాలాలు

పుర్వోతో గారికి టైం చెప్పడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. చెప్పీ చెప్పగానే "ఏ కాలం? గడియారానిదా, తాళానిదా?" అంటాడు. జోగ్జకర్తా నగరంలోని మా సంగీత సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఏడేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్న పాపం నాది.

టీకొట్టావిడ సుకెం "రెండు నిమిషాలాగండి" అన్నా అదే ప్రశ్న.

"అల్లం ఉడికే కాలం సార్! తాగితే తాగండి, లేకపోతే జరగండి" అంది ఆవిడ. ఊరంతా రబ్బరులా సాగే గడియారంతో హాయిగా బతుకుతుంటే, ఈయనొక్కడికే వచ్చింది పట్టింపు.

నిరుడు వానాకాలంలో ఆ పిచ్చి ముదిరింది. మా ప్రోగ్రాంలో సెకన్లనూ తాళం దెబ్బలనూ ఒకేలా ఉత్త అంకెలుగా రాశామట. రెండూ కలవకుండా విడదీస్తానని, శుభ్రంగా నడుస్తున్న కోడ్‌ని విప్పి పరిచాడు. మూడు నెలలు!

"బయటికి కొత్తగా ఏం కనపడుతుందండీ?" అన్నాడు మేనేజరు హెండ్రో.

"ఏమీ కనపడదు."

"మరెందుకూ?"

"ఎనిమిది సెకన్లూ ఎనిమిది దెబ్బలూ కూడితే ఎంతండీ?"

"పదహారు!" అన్నాను నేను. అందరూ పగలబడి నవ్వారు. ఆయన మళ్లీ కోడ్‌లో తల దూర్చాడు.

పని ముగిసిన రోజు ఒక ముసలాయన్ని ఆఫీసుకు వెంటబెట్టుకొచ్చాడు. పేరు సస్త్రో తాత. వాళ్ల పేట గమెలాన్ అనే కంచు వాద్యాల మేళంలో నలభై ఏళ్లుగా, పళ్లెంలా వేలాడే పెద్ద గాంగు ఆయనదే. పాట నెమ్మదించి ఆగే చోట ఆ గాంగు కాస్త తాత్సారం చేసి మోగాలి. ముందే మోగిందా, పరువు పోయినట్టే. మా సాఫ్ట్‌వేర్‌లో రికార్డయిన పాటలో తన గాంగు ముందే మోగడం విని, చెయ్యి అదుపు తప్పిందనుకుని తాత వాయించడమే మానేశాడట. ఆ సంగతి పుర్వోతో మాకెవరికీ చెప్పలేదు.

అదే పాట మళ్లీ పెట్టాడు. మేళం నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది. అప్పుడు, తీరిగ్గా, గాంగు మోగింది.

"అయితే నా చెయ్యి కాదన్నమాట!" అన్నాడు తాత.

"కాదు తాతా, తప్పు మాది. పాట నెమ్మదించిన చోట దెబ్బల్ని సెకన్లనుకుని మీ గాంగును ముందుకు లాగేశాం" అన్నాడు పుర్వోతో.

"బతికుండగానే నన్ను చేతకానివాణ్ణి చేశారు కదర్రా!" తాత ఆఫీసు ఆఫీసంతటినీ తిట్టి, శనివారం సాధనకు గాంగు తుడవాలంటూ లేచాడు.

నాకు సిగ్గేసింది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను: "ఎంత ఆలస్యంగా మోగింది సార్? గడియారం లెక్కా, తాళం లెక్కా?"

"తాత లెక్క" అన్నాడు పుర్వోతో, కళ్లద్దాలు తుడుచుకుంటూ.