పెళ్లిచూపుల్లో అవ్వ కోపం

ఆ రోజుల్లో మా ఇంట్లో కొన్ని రోగాలకు పేరుండేది, కొన్నిటికి ఉండేది కాదు. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పి పేరున్నవి. వచ్చిన చుట్టంతో తీరిగ్గా చెప్పుకోవచ్చు. మా అవ్వది, అంటే బాపు తల్లిది, పేరులేని రోగం. బస్సెక్కాల్సిన రోజు పొద్దుటినుంచే నీళ్లు ముట్టేది కాదు. పెళ్లికి పోతే పందిట్లో కాకుండా బాత్రూం తలుపు కనబడే చోట కుర్చీ వేయించుకునేది. చివరికి మా ఊరు నర్సింహులపేట దాటి ఎక్కడికీ రావడమే మానేసింది. అవ్వకు ప్రయాణాలు పడవని మేమంతా తేల్చేసుకున్నాం. (ఇంట్లో అందరికన్నా ఎక్కువ పుస్తకాలు చదివినవాణ్ని నేను. నేనూ అదే తేల్చుకున్నాను.) ఈ ఎండాకాలం అవ్వ పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆమె గురించి మంచి మాటలే చెప్పారు. వాళ్లు చెబుతున్నంతసేపూ నాకు మాత్రం స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒకరి ఇంట్లో, ప్లాస్టిక్ కుర్చీలో, పళ్లు బిగబట్టి కూర్చున్న అవ్వే కనబడింది.

అప్పుడు నాకు భూపాలపల్లిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. గనులకు సామాను సరఫరా చేసే ఒక చిన్న ఆఫీసు. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు, బాపు పొలానికి పోయింది చూసి అవ్వ నా పక్కన కూర్చుంది. "హన్మకొండల పెద్ద దవాఖానకు తీస్కపోతవా బిడ్డా? మీ బాపుకు చెప్పకు" అంది. ఎందుకని అడిగితే, "పోయినంక నీకే తెలుస్తది" అంది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అవ్వే. ఆమె అడిగితే కాదనే అలవాటు నాకు లేదు. తీరా పోయాక తెలిసింది, అది మూత్ర సంబంధమైన జబ్బులు చూసే డాక్టరమ్మ గది అని. డాక్టరమ్మ అడుగుతోంది: తొందరొస్తే ఆపుకోగలవా, దగ్గితే పడుతుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు అని. అవ్వ నావైపు చూసి, "నువ్వు జర అటు తిరుగు" అంది. బయటికి పొమ్మంటుందేమో అనుకున్నాను, కాని చదివేవాడు పక్కన లేకపోతే మందుల పేర్లు ఎవరికి అర్థమవుతాయని ఆమె భయం. అందుకని నేను గోడ వైపు తిరిగి, అక్కడ తగిలించిన రెండు కిడ్నీల బొమ్మను చూస్తూ అంతా విన్నాను.

స్కాన్ తీశారు, పరీక్షలు చేశారు. ఇన్‌ఫెక్షన్ లేదు, రాయి లేదు. మూత్రసంచి నిండకముందే నిండినట్టు తొందరపెడుతుంది, అంతే. "ముసల్తనంల గిట్లనే ఉంటదని ఇన్నేండ్లు ఊకున్నవా అవ్వా? దీనికి దారి ఉన్నది" అంది డాక్టరమ్మ. చెప్పిన దారి మాత్రం నాకు వింతగా తోచింది. సంచికి బుద్ధి నేర్పాలట. తొందరొచ్చినప్పుడు కాకుండా గడియారం చూసుకుని పోవాలి. ఆ వ్యవధిని మెల్లమెల్లగా పెంచాలి. నీళ్లు మానకూడదు, చాయ్ మాత్రం బంద్ చేసి చూడాలి. ఈ లోపల తొందరొస్తే పరుగెత్తకూడదు. కదలకుండా కూర్చుని, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను గబగబా బిగించి వదలాలి, మనసును ఇంకో దాని మీద పెట్టాలి, తొందర సద్దుమణిగాక నిమ్మళంగా లేవాలి. "దీంతోటి తగ్గకుంటె గోలీలున్నయి, సంచిల ఇచ్చే సూది ఉన్నది, నరానికి సన్నగ కరెంటు పెట్టేది గూడ ఉన్నది" అంది డాక్టరమ్మ. అవ్వ కరెంటన్న మాట దగ్గరే ఆగిపోయింది. "వద్దు బిడ్డా, గడియారమే మంచిగున్నది" అంది.

మనసును దేని మీద పెట్టాలన్నది ఇంకో చిక్కు. డాక్టరమ్మ దేవుడి పాట పాడుకొమ్మంది. అవ్వ ఒప్పుకోలేదు. "దేవున్ని తలుసుకుంటె పాణం మెత్తగైతది, ఆగది. గెట్టాయనను తలుసుకుంట" అంది. గెట్టాయనంటే మా పొలం పక్కాయన. ఒకప్పుడు రెండు పొలాల నడుమ ఉన్న గెట్టును రాత్రికి రాత్రి మా వైపు జరిపాడని అవ్వ నమ్మకం. ఆయన పోయి చాలా కాలమైంది, అవ్వ కోపం పోలేదు. "వాడు యాదికొస్తె నాకు ఆకలి, దూప ఏదీ తెల్వది" అంది. డాక్టరమ్మ నవ్వి, అదైనా సరే అంది. దవాఖాన మెట్లు దిగుతూ అవ్వ నా చేత ఒట్టు వేయించుకుంది, ఈ సంగతి బాపుతో సహా ఎవరికీ చెప్పనని. ఆమె ఫోన్‌లో అలారం పెట్టడం మాత్రం నా పని.

వైద్యం పనిచేసింది. ఎంత పనిచేసిందంటే, నాకు పిల్లను చూడటానికి స్టేషన్ ఘన్‌పూర్ పోవాలన్నప్పుడు అవ్వ, "నేను గూడ వస్త" అని కారు ముందు సీట్లో కూర్చుంది. ఆ పిల్లను నేను మహబూబాబాద్‌లో ఒక పెళ్లిలో చూశాను. ఒకసారి చూశాను, అంతే, కాని ఆ తర్వాత భూపాలపల్లి ఆఫీసులో రాసిన లెక్కలన్నీ తప్పాయి. సంబంధం తెచ్చినాయనతో బాపు ముందే చెప్పాడు: "మా అవ్వ ఊ అంటెనే." అది అటువైపు వాళ్లకూ తెలుసు. ఇంకొకటి కూడా చెప్పాలి. పిల్ల నచ్చితేనే ఆ ఇంట్లో అన్నం తినడం మా రెండు ఇండ్లలోనూ ఉన్న పద్ధతి. నచ్చకపోతే చాయ్ తాగి లేస్తారు. చాయ్ కూడా ముట్టలేదంటే ఇక అడగాల్సింది ఏమీ ఉండదు.

అవ్వ చాయ్ వద్దంది.

పిల్ల నాయిన, "పాలు మా ఇంటియే అమ్మా, గేదె పాలు" అన్నాడు. "ఎవ్వలియైనా వద్దు" అంది అవ్వ. బాపు చేతిలో కప్పు సగంలో ఆగింది. నేను మాత్రం రెండు కప్పులు తాగాను. (దానివల్ల ఏదో సరిపోతుందని ఎందుకనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.) ఇంతలో పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. అవ్వ ప్రేమగానే మొదలుపెట్టింది. "ఏం చదివినవ్ బిడ్డా?" పిల్ల డిగ్రీ అని, కాలేజీ పేరు చెబుతుండగా బయట వాకిట్లో ఎవరో నల్లా తిప్పారు. బకెట్లోకి నీళ్లు పడుతున్న చప్పుడు. అవ్వ మాట ఆగింది. వీపు నిటారుగా అయింది, పెదవులు బిగిశాయి, కళ్లు ఎర్రబడ్డాయి. ఆ కళ్లు తిన్నగా పిల్ల మొహం మీదే ఉన్నాయి. గెట్టాయన వచ్చాడని నాకు అర్థమైంది. కాని ఆ గదిలో గెట్టాయన ఎవరికి తెలుసు? పిల్ల కాలేజీ పేరు మధ్యలోనే ఆపేసి తల వంచుకుంది. పిల్ల తల్లి పళ్లెం పట్టుకుని వచ్చినదల్లా గుమ్మంలోనే నిలబడిపోయింది.

అసలు చిక్కు ఆ తర్వాత నా బుర్రలో మొదలైంది. అవ్వకు నిజంగా కోపం వస్తే ఆమె మొహం ఎలా ఉంటుంది? ఇలాగే ఉంటుంది. మరి ఇది తొందరా, కోపమా? చాయ్ వద్దన్నది డాక్టరమ్మ మాట మీదనా, పిల్ల నచ్చకనా? నీళ్ల చప్పుడు ఆగిపోయింది కదా, ఇంకా చూపు తిప్పదేం? నేను అవ్వ చేతుల వైపు చూశాను, కాళ్ల వైపు చూశాను, ఏమీ తెలియలేదు. "ఏమైందిరా అవ్వకు? నీకేమన్న ఎర్కేనా?" అని బాపు నా చెవిలో అడిగాడు. "తెల్వది" అన్నాను. అది సగం నిజమే.

అప్పుడే అవ్వ ఫోన్‌లో అలారం మోగింది. అవ్వ ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా లేచి, చెప్పులు వేసుకుని, నిమ్మళంగా గేటు వైపు నడిచింది. ఆ ఇంట్లో బాత్రూం గేటు పక్కనే ఉంది. చూసేవాళ్లకు మాత్రం ఆమె వెళ్లిపోతున్నట్టే ఉంది. "అవ్వా, ఏడికి?" అన్నాడు బాపు. "నా పనికి" అంది వెనక్కి తిరగకుండా. తల్లి సైగ చేస్తే పిల్ల ఆమె వెంట పోయింది. పిల్ల నాయిన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇష్టం లేకుంటె లేదనున్రి. గింత మొఖం మాడ్సుకునుడెందుకు? మా పిల్లకేం తక్కువైంది?" అన్నాడు. బాపు నావైపు చూశాడు. చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. నోరు తెరిస్తే అవ్వ పరువు పోతుంది, తెరవకపోతే పిల్ల పోతుంది. నేను లేచి వాకిట్లోకి పోయాను.

పిల్ల బాత్రూం తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. తలుపు వేసి ఉంది. "మీ అవ్వకు నేను నచ్చలేదా?" అని అడిగింది, నేల చూస్తూ.

"అట్లేం లేదు. ఆమె కోపం మీ మీద కాదు."

"మరి ఎవరి మీద?"

"గెట్టాయన మీద."

"ఆయనెవరు?"

"మా పొలం పక్కాయన."

"ఇప్పుడు ఏడున్నడు?"

"పోయిండు. చాన రోజులైంది."

ఆమె తల ఎత్తింది. "పోయినాయన మీద కోపం మా ఇంటికొచ్చి ఎందుకు?" అంది. నేను చెమట తుడుచుకుని, ఆ గెట్టు ఎంత జరిగిందో చేతులతో చూపించాను. ఆమె శ్రద్ధగా చూసింది. నా పని అయిపోయిందని నాకు అర్థమైంది. పిచ్చివాళ్ల ఇల్లని అనుకుని ఉంటుంది.

తలుపు తెరుచుకుంది. అవ్వ కాళ్లు కడుక్కుని, మా ఇద్దరినీ దాటుకుంటూ లోపలికి పోయి, అదే కుర్చీలో కూర్చుంది. మొహం తేటగా ఉంది. "ఆకలైతాంది. ఏం వండిన్రు?" అంది. పిల్ల తల్లి వంటింట్లోకి పరుగెత్తింది, పిల్ల నాయిన కండువా తీసి తీగె మీద వేశాడు, బాపు ఊపిరి వదిలాడు. అవ్వ కడుపునిండా తింది, పప్పు రెండోసారి వేయించుకుంది. ఆ పైనెల మా పెళ్లయింది. అయినా నాకు అనుమానం తీరలేదు. పిల్ల నచ్చి అన్నం అడిగిందా, నిజంగా ఆకలై అడిగిందా? ఎన్నోసార్లు అడుగుదామనుకున్నాను. అలాంటి ప్రశ్న అడిగే వేళ ఎప్పుడూ దొరకలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

మొన్నొకరోజు ఈ మాట మా ఆవిడతో అన్నాను. ఇన్నేళ్లూ అవ్వకిచ్చిన మాట ప్రకారం ఎవరితోనూ అనలేదని కూడా చెప్పాను, కొంచెం గొప్పగానే. ఆమె వింతగా చూసింది. "అప్పుడు మా బాత్రూంకు బోల్టు సరిగ పడకపోయేది. తలుపు నేనే పట్టుకున్న. మీ అవ్వ లోపల్నుంచి అన్నీ చెప్పింది. దవాఖాన, గడియారం, గెట్టాయన, అన్నీ. భయపడకు బిడ్డా, నువ్వు నచ్చినవ్ అన్నది."

"అన్నీ తెలిసి మరి నన్నెందుకు అడిగినవ్?"

"నువ్వేం చెప్తవో సూద్దామని."

"ఇంకేమన్నా అన్నదా?" అని అడిగాను.

"అన్నది. నీ గురించి ఒక మాట అన్నది."

"ఏంది?"

"చెప్పొద్దన్నది" అని ఆమె తన పనిలో పడింది.

తర్వాత రెండు మూడు సార్లు అడిగి చూశాను, చెప్పలేదు. చెప్పదని కూడా తెలుసు. ఎండలో నిలబడి, ఒక ముసలామె మర్యాదంతా తన నోట్లోనే ఉందనుకుని చేతులతో గెట్టు కొలిచి చూపిస్తున్న ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వాకిట్లో ఉన్న ముగ్గురిలో ఏమీ తెలియనివాడు వాడొక్కడే. ఇప్పటికీ వాడికి తెలియదు.