అమీర్‌పేటలో పోసిన ఆకుమడి

ఈ ఎండాకాలం మా అపార్టుమెంటుకు నీళ్ల ట్యాంకరు రానిదే పొద్దు గడవడం లేదు. నిన్న ఫోన్ చేస్తే డ్రైవరు, "పంజాగుట్ట కాడ ట్రాఫిక్ మస్తున్నదమ్మా, జర ఆగుండ్రి, వస్తున్న" అన్నాడు. బాల్కనీలో నిలబడి దారి చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చారు. నీళ్ల కోసం ఎదురుచూడటంలో ఆయనను మించినవారిని నేను చూడలేదు.

నాన్న గోదావరి కాలువ కింద ఉన్న కాస్త పొలం అమ్మేసి, కొత్త కాలువ వస్తుందన్న మాట నమ్మి, ఖమ్మం వైపు అడవి అంచున బీడు కొన్నారు. నేనింకా బడికి వెళ్లని పిల్లను. బంధువులంతా పిచ్చివాడన్నా వినకుండా, ముళ్లకంపలు కొట్టి, మోడులు పెకలించి, దాన్ని చేను చేశారు. మాకు బావి లేని ఆ మొదటి ఏడు, పక్క చేను పెద్దాయన తన బావి నీళ్లు మమ్మల్ని తోడుకోనిచ్చాడు. ఆయన ఆ ఊరివాడే అయినా, మేము బయటినుంచి వచ్చినవాళ్లమన్న తేడా ఎన్నడూ చూపలేదు. రాబోయే కాలువకు ఆయన చేనే చిట్టచివరిది. కొన్నేళ్లకు నాన్న ఊళ్లో పలుకుబడి సంపాదించి ఎమ్మెల్యేగా నిలబడినప్పుడు పెద్దాయన చేతిలో చెయ్యివేసి, నీ మడికి నీళ్లు పారిస్తానని మాటిచ్చారు. ఆ మాట మీదే గెలిచారు కూడా.

గెలిచాక అమీర్‌పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మన ఈడువారికి గుర్తుండే ఉంటుంది, ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు వేలాడుతున్న ఈ సందుల్లో అప్పుడు ఇంటింటికీ పెరడూ, పెరట్లో ఓ జామచెట్టూ ఉండేవి. నాన్న ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, చివరికి ఆ వానాకాలం కాలువ వదులుతామని అధికారుల చేత అనిపించుకొచ్చారు. అయితే ఊళ్లో బావులన్నీ ఎండిపోయాయి, కాలువ వచ్చాక నారు పోస్తే అదను దాటిపోతుంది. అందుకని ఆయన చేసిన పని చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మా పెరడంతా తవ్వి, తొక్కి, బురద చేసి, పెద్దాయన మడిలో నాటడానికని కుళాయి నీళ్లతో ఆకుమడి పోశారు. మావైపు నారుమడిని అలాగే అంటారు. "అసెంబ్లీ మానేసి ఈ పిచ్చుకల్ని తోలడమేంటండీ" అని అమ్మ దెప్పేది, ఆయన నవ్వేవారు. నాన్న అంతగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆకు ఏపుగా వచ్చింది. పీకి, కట్టలు కట్టి, తడి గోనెల్లో చుట్టి, జీపులో వేసుకుని ఊరికి వెళ్లాం. నీళ్లు పై ఊరి దాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకాగాయంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అనుకుంటూ కట్టల మీద తాగేనీళ్లే చల్లుతూ కూర్చున్నాం గానీ, ఆకు పండుబారిపోయింది. చివరికి పెద్దాయనే లేచి కట్టలు విప్పి గేదెలకు వేశాడు. ఖాళీ గోనెలు మడిచి నాన్న చేతికి తిరిగిచ్చాడు. దాని బదులు నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

మరుసటి ఏడు పెద్దాయన మా ఇంటికి వచ్చాడు, చేను అమ్మేశానని, సనత్‌నగర్‌లో ఒక కార్ఖానాలో కాపలాకు కుదిరానని చెప్పడానికి. "మీరు జెయ్యాల్సింది జేసిండ్రు సారూ, ఫికర్ జెయ్యకుండ్రి" అని నాన్ననే ఓదార్చి వెళ్లాడు. నాన్న మళ్లీ పోటీ చెయ్యలేదు, మేమూ ఆ ఊరికి తిరిగి వెళ్లలేదు. కానీ ఆయన రోజూ పొద్దున్నే పెరట్లోని ఆ ఖాళీ మడికి నీళ్లు పెట్టేవారు. ఎందుకని అడగడం అమ్మ కూడా మానేసింది.

ఆ పెరటి మీద ఇప్పుడు హాస్టలు ఉంది. కాలువ సంగతి అడిగేవారే లేరు, ఆ చివరి చేలన్నీ ప్లాట్లయ్యాయని విన్నాను. నిన్న ట్యాంకరు ఎలాగో వచ్చింది గానీ, గొట్టం సరిగా బిగించక నీళ్లన్నీ రోడ్డు మీద పారుతున్నాయి. ఒక ఆకుమడికి సరిపోయేటన్ని నీళ్లు. ఆపమందామని గబగబా బయలుదేరి, మెట్ల దగ్గరే ఆగిపోయాను. ఆపి మాత్రం, నాటడానికి ఎవరి చేను మిగిలిందని?