మూడింట రెండు వంతులు

2004లో నేను కోదాడలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. రోజూ మునగాల నుంచి బస్సులో వెళ్లేదాన్ని. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయిది కోదాడే. నా టిఫిన్ ఆమె తినేది, ఆమెది నేను తినేదాన్ని.

సూర్యాపేటలో సైన్స్ ఉపన్యాస పోటీకి మా ఫిజిక్స్ సార్ మా ఇద్దరి పేర్లూ ఇచ్చారు. ఆమె తన అంశం సౌరశక్తి అంది. నేను ప్రోటాన్ లోపలుండే కణాలు, క్వార్కులు తీసుకున్నాను. అప్ క్వార్కుకు ధనావేశం మూడింట రెండు వంతులు, డౌన్ క్వార్కుకు రుణావేశం మూడింట ఒక వంతు. రెండు అప్‌లు, ఒక డౌన్ కలిస్తే ప్రోటాన్, దాని ఆవేశం ఒకటి. ఈ లెక్క అందరికీ తెలిసేలా, మా అమ్మ రోజూ బర్రె పాలు పితికి కొలవడం చూసి ఇలా రాసుకున్నాను: "మా అమ్మ గిన్నెలో రెండుసార్లు మూడింట రెండు వంతుల చెంబు పాలు పోసి, అదే చెంబుతో మూడింట ఒక వంతు తీసేస్తే, సరిగ్గా చెంబెడు మిగులుతాయి."

"ఒకసారి చూసిస్తానే" అని ఆమె నా నోట్‌బుక్ రెండు రోజులు ఉంచుకుంది.

పోటీలో ముందు ఆమెను పిలిచారు. సౌరశక్తి ఊసే లేదు. క్వార్కులతో మొదలుపెట్టి "మా అమ్మ గిన్నెలో రెండుసార్లు..." అంది, ఒక్క మాట తడబడకుండా.

తర్వాత నా వంతు. రెండు వాక్యాలు చెప్పానో లేదో, జడ్జి మేడం ఆపేశారు. "ఇప్పుడే ఆ అమ్మాయి చెప్పింది కదమ్మా. పక్కవాళ్లది చూసి రాసుకోవద్దు."

న్యూట్రాన్ గురించి చెప్పొచ్చు, అదీ నాకు వచ్చు. అయినా వెళ్లి కూర్చున్నాను. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది.

తిరుగు బస్సులో అడిగాను. "గట్ల ఎందుకు చేసినవ్?"

"నాది సరిగ్గా కుదర్లేదే. నువ్వే కదా నోట్స్ ఇచ్చావు."

"సదువుమని ఇచ్చిన. మీ అమ్మ ఎన్నడన్న బర్రెను పిండిందా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. నేను మునగాలలో దిగిపోయాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఓర్వలేక అంటోంది అనుకుంటారు. మా రోల్ నంబర్లు వరుసగా ఉండడంతో ల్యాబులో ఇద్దరికీ ఒకే బల్ల. మిగిలిన ఏడాదంతా ఆమె రీడింగులు చదివితే నేను రాసుకున్నాను. అంకెలు తప్ప మరో మాట లేదు.

డిగ్రీకి మిర్యాలగూడ వెళ్లి ఫిజిక్సే తీసుకున్నాను. అక్కడ నిడమనూరు నుంచి వచ్చే ఒకమ్మాయి, జ్వరంతో వారం రాలేక, నోట్స్ అడిగింది.

"నేను రాయలే" అన్నాను. పుస్తకం నా ఒళ్లోనే ఉంది. ఆమె దాన్ని చూసింది, వెనక బెంచీకి వెళ్లిపోయింది.